మిరపకాయలు బడిలోకి వచ్చిన రోజు

రండమ్మా, ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండి. ఆ చాప కాస్త ఇటు లాక్కోండి, నా గొంతు ఇప్పుడు పెద్దగా లేవడం లేదు. చేతిలో పని ఉంటే ఉండనివ్వండి, చెవి ఒక్కటి నాకిస్తే చాలు.

మొన్న మా మనవరాలు బడి నుంచి వచ్చి, చొక్కాకి గుచ్చిన ఎర్ర బిళ్ళ చూపించి, "నాయనమ్మా, నన్ను స్కూలు లీడర్ని చేశారు" అంది. ఇంట్లో అందరూ మురిసిపోయారు. కోడలు అప్పటికప్పుడు సేమ్యా పాయసం కాచింది. నాకే గొంతు దిగలేదు. "నీకిష్టం లేదా నాయనమ్మా?" అని ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. ఇష్టం లేక కాదు. మా అక్క గుర్తొచ్చింది. ఆ పూట ఆ పసిదానికి చెప్పలేకపోయిందే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మాది గుంటూరుకు పడమరగా, బస్సు దిగి మూడు మైళ్ళు నడిస్తే వచ్చే ఊరు. నల్లరేగడి నేల. వానాకాలంలో అడుగు వేస్తే పిక్క దాకా దిగబడేది. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత బీటలు. ఊరంతా పత్తీ, మిరపా. చలి వెనకబట్టేసరికి ఊరి చుట్టూ కల్లాలు ఎర్రబడేవి. కోసిన పండుకాయలు నేల మీద పల్చగా పోసి పదిహేను రోజులు ఎండబెట్టేవాళ్ళు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు మారిన తాలుకాయల్ని ఏరి పక్కన పోసేవాళ్ళు. మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు పొలిమేరలోనే తుమ్ములు మొదలుపెట్టేవాళ్ళు. మాకు మాత్రం ఏ వాసనా తెలిసేది కాదు. ఉయ్యాల్లో పిల్లలు కూడా దగ్గేవాళ్ళు కారు.

తిండి కూడా అదే. పండుమిరపకాయలు కొత్త చింతపండుతో రోట్లో తొక్కి, మెంతులు వేయించి కొట్టి కలిపేది మా నాయనమ్మ. పొద్దున్నే చద్దన్నంలో ఆ కొరివికారం, మీద గానుగ నూనె. ఎవరు ముందు నీళ్ళడుగుతారో చూద్దామని పిల్లలం పందెం వేసుకునేవాళ్ళం. ఎప్పుడూ నేనే ఓడేదాన్ని. అక్క ఎప్పుడూ ఓడలేదు. కళ్ళ నిండా నీళ్ళు తిరుగుతున్నా, "ఇంకో ముద్ద పెట్టు నాయనమ్మా" అనేది.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. అది ఐదో ఫారం, అంటే ఇప్పటి పదో తరగతి. నేను నాలుగో తరగతి. మా ఊరి హైస్కూలు అంటే ఒక పొడుగాటి పెంకుటిల్లు. మధ్యలో పెద్ద హాలు, పక్కన నాలుగు గదులు, కింద నాపరాళ్ళు. ఊరి మొత్తానికి అంత పెద్ద కప్పు ఇంకోటి లేదు. స్కూలు మొత్తంలో ఆడపిల్లలు పదకొండు మంది. ఆ ఏడు లీడరుకు ఓట్లు పెడితే, పెద్దరైతు గారబ్బాయి అందరికీ పిప్పరమెంట్లు పంచాడు. పిల్లలు అవి చప్పరిస్తూ వెళ్ళి ఓటు మా అక్కకు వేసి వచ్చారు.

ఎందుకు వెయ్యరు? పొద్దున్నే ప్రార్థన చెప్పించేది అక్క. రింగు ఆటలో పక్కూరి బడిని ఓడించింది అక్క. వార్షికోత్సవంలో రాజు వేషం వేసే పిల్లాడికి జ్వరమొస్తే, మీసం పెట్టుకుని తనే రాజై నిలబడింది. బడి వెనక బెండ, తోటకూర పండించి పేద పిల్లలకు పంచేది. పత్తి తీతలప్పుడు ఆడపిల్లలు బడికి రాకపోతే చేలకే వెళ్ళేది. ఒకసారి దాని వెంట నేనూ వెళ్ళాను. చేను గట్టు మీద నిలబడి ఆసామి అరిచాడు.

"ఏమ్మాయ్, కూలీల్ని నువ్వు తీసుకుపోతే పత్తి ఎవరు తీస్తారు? మీ హెడ్మాస్టరు తీస్తాడా?"

"ఈ పూటకి వదలండి బాబాయ్. సాయంత్రం వీళ్ళతోపాటు నేను కూడా వచ్చి తీస్తా" అంది అక్క. అన్నట్టే సాయంత్రం వెళ్ళి చీకటి పడేదాకా తీసింది. గోళ్ళ చుట్టూ పత్తికాయల ముళ్ళు గీరుకుని రక్తం. నాయనమ్మ పసుపు రాస్తూ తిట్టింది. అక్క నవ్వుతూనే ఉంది.

ఇంత చేసినా దానికి ఒకటే దిగులు. మా బడి ఐదో ఫారంతో సరి. ఆరో ఫారం చదివి పెద్ద పరీక్ష రాయాలంటే టౌనుకు పోవాలి. నాన్న ముందే చెప్పేశాడు.

"ఊళ్ళో ఆరో ఫారం వస్తే చదువుకోమ్మా. రాకపోతే ఇంతటితో సరి. ఆడపిల్లని టౌన్లో ఎక్కడ ఉంచను?"

అందుకని ఆ ఏడు హెడ్మాస్టరు గారు అర్జీల మీద అర్జీలు పెట్టారు. ఆఖరికి ఇన్‌స్పెక్టరు గారు వచ్చి బడి చూసి, సరిపోతుందంటే ఆరో ఫారానికి అనుమతి ఇస్తామని పైవాళ్ళు చెప్పారు. అక్కకు అన్నం ధ్యాసే పోయింది. పది రోజులు బడి గోడలకు సున్నం కొట్టించింది. పిడుగురాళ్ళ సున్నం బండి మీద వస్తే పిల్లలచేత తట్టలతో మోయించింది. ఇంటికి వచ్చేసరికి దాని కనురెప్పల మీద కూడా సున్నమే.

ఇన్‌స్పెక్టరు గారు రేపు వస్తారనగా, ఆయన్ని దగ్గరుండి తీసుకురావడానికి హెడ్మాస్టరు గారు గుంటూరు వెళ్ళారు. వెళ్తూ బడి తాళంచెవుల గుత్తి అక్క చేతిలో పెట్టారు. "నువ్వున్నావుగదమ్మా" అన్నారు. అంతే అన్నారు.

ఆ మధ్యాహ్నం ఉత్తరాన నల్లగా కమ్మింది. ఆ కాలంలో మా ఊళ్ళో వాన పడదు, పడకూడదు. కల్లాల్లో ఊరి పంట మొత్తం ఆరబోసి ఉంది. ఎండిన కాయ ఒక్కసారి తడిసిందంటే బూజు పట్టి తెల్లబడుతుంది, పశువుకు కూడా పనికిరాదు. చాపలు కప్పారు, గోనెలు కప్పారు, చాలలేదు. గాలి లేచింది. అప్పుడు ఒక్కొక్కరూ తట్టలు నెత్తిన పెట్టుకుని బడి వైపు పరుగెత్తుకొచ్చారు.

అక్క మెట్ల మీద నిలబడి ఉంది. అందరికంటే ముందు వచ్చింది మా నాన్నే.

"తలుపు తియ్యమ్మా."

"నాన్నా, రేపు ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు. లోపల కాయలు పోస్తే ఘాటు పోతుందా?"

నాన్న నెత్తి మీద తట్ట సవరించుకున్నాడు. వెనక నుంచి పెద్దరైతు గారు, "ఇన్‌స్పెక్టరు రేపొస్తాడమ్మాయ్. వాన ఇప్పుడొస్తోంది" అన్నాడు.

అక్క లెక్కల మాస్టారి వైపు చూసింది. ఆయన బందరు నుంచి కొత్తగా వచ్చాడు, ఎప్పుడూ ముక్కుకు రుమాలు పెట్టుకునే మనిషి. "హెడ్మాస్టరు గారు లేరమ్మా. నేను తియ్యమనీ చెప్పలేను, వద్దనీ చెప్పలేను" అని పక్కకు జరిగాడు.

అప్పుడు ఒక ముసలామె ముందుకు వచ్చింది. సెంటు పొలం లేదు ఆవిడకు. కాయలు కోసినందుకు కూలిగా కాయలే ఇచ్చేవాళ్ళు. రెండు చాపలంత కుప్ప, అదే ఏడాది తిండి. "తల్లీ, నాకు చాపలు కూడా లేవే" అని అక్క పాదాల దగ్గర తట్ట దించింది.

మొదటి చినుకు పడింది. ఆ చినుకు అక్క చెంప మీద పడటం నేను చూశాను.

"తెల్లారేసరికి ఒక్క కాయ కూడా లోపల ఉండకూడదు. మీరంతా వచ్చి తీసుకుపోవాలి. మాటివ్వండి" అంది.

అందరూ ఇచ్చారు. అక్క తాళం తీసింది.

ఆ తర్వాత దాన్ని చూడాలి మీరు. బల్లలన్నీ ఒక మూలకు ఎత్తించింది. పిల్లల్ని రెండు వరసలుగా నిలబెట్టి, డ్రిల్లు చేయించినట్టు తట్టలు చేతి మీద చేతిగా లోపలికి పంపించింది. ఎవరి కుప్ప ఎవరిదో తెలిసేలా నేల మీద సుద్దముక్కతో గీతలు గీసింది. వాన విసిరి విసిరి కొట్టింది. ఊరి పంటలో ముప్పాతిక వంతు ఆ కప్పు కిందికి చేరింది. అక్క మాత్రం వసారాలో తడుస్తూ నిలబడింది. లోపలికి వచ్చి నిలబడటానికి చోటు లేదు.

మాట తప్పలేదు ఎవరూ. అది చెప్పాలి. తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. మగవాళ్ళంతా వచ్చి కాయల్ని కల్లాలకు మోసుకుపోయారు. ఇక మిగిలింది ఘాటు. ఘాటు పోయిందో లేదో మాకు తెలియదు కదా, మా ముక్కులకు అది ఆనదు. అక్క దానికీ ఒక ఉపాయం చేసింది. నీళ్ళు చల్లి ఊడిపించి, లెక్కల మాస్టార్ని పిలిచింది.

"మాస్టారూ, రుమాలు తీసేసి కాసేపు లోపల కూర్చోండి."

"నన్నెందుకమ్మా?"

"మీరైతే మా ఊరి వాళ్ళు కాదు కదండీ."

ఆయన కూర్చున్నాడు. ఏడు తుమ్ములు తుమ్మాడు. పిల్లలం బయట నిలబడి లెక్కపెట్టాం. నాపరాళ్ళు కడిగించి మళ్ళీ కూర్చోబెట్టింది. మూడు తుమ్ములు. కిటికీలన్నీ బార్లా తీసి, వేపాకు తడిపి గోడలు తుడిపించి, మూడోసారి కూర్చోబెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. తుమ్ము రాలేదు. ఇంకోసారి పీల్చాడు. రాలేదు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. అక్క గుమ్మానికి ఆనుకుని ఏడ్చింది. అది ఏడవడం నేను చూసింది అదే మొదలు.

బట్టలు మార్చుకోవడానికి అక్క ఇంటికి వచ్చింది. నాయనమ్మ గుమ్మంలోనే ఆపింది. "నిన్నటి నుంచి ఊరి కళ్ళన్నీ దీని మీదే. మొహం ఎట్లా కందిపోయిందో చూడండే" అంటూ, గుప్పెడు ఉప్పు, ఏడు ఎండుమిరపకాయలు పట్టుకుని మూడుసార్లు దిగదుడిచింది. ఆ పిడికెడూ నా చేతిలో పోసి, "పొయ్యిలో పడేసి రా. కాయ కింద పడనియ్యకు" అంది.

సరిగ్గా అప్పుడే బడి వైపు నుంచి జీపు హారను వినిపించింది. మా ఊరికి జీపు రావడం ఏడాదికి ఒకసారి కూడా ఉండదు. నా కాళ్ళు ఆగలేదు. ఆ ఉప్పూ కాయలూ లంగా అంచున మూట కట్టుకుని పరుగెత్తాను. సగం దారిలో గుర్తొచ్చింది. దిష్టి తీసినవి నిప్పులో పడకపోతే ఆ దిష్టి రెట్టింపై ఆ మనిషికే చుట్టుకుంటుందని నాయనమ్మ వెయ్యిసార్లు చెప్పింది. వెనక్కి పోతే ఇన్‌స్పెక్టరు గారిని చూడలేను. పోకపోతే అక్కకు కీడు.

హాల్లో ఒక చివర సరస్వతి పటం ముందు ధూపం వెలిగించి పెట్టారు. మట్టి మూకుట్లో ఎర్రటి నిప్పులు.

ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో కూర్చున్నారు. పక్కన హెడ్మాస్టరు గారు. ఇంటి నుంచి పరుగున వచ్చిన అక్క స్వాగతం చెప్పింది. దాని గొంతు ఎక్కడా వణకలేదు. ఇన్‌స్పెక్టరు గారు కళ్ళద్దాలు సవరించుకుని, "ఈ పల్లెలో ఆడపిల్ల లీడరా? సంతోషం" అని కాగితం మీద ఏదో రాసుకున్నారు. "ఎంతవరకు చదువుకుంటావు?" అని అడిగారు. "మీరు ఇచ్చినంతవరకండీ" అంది అక్క. ఆయన నవ్వారు. హెడ్మాస్టరు గారి మొహం చాటంతైంది.

ఆ నవ్వు వింటూనే నేను మూట విప్పి నిప్పుల్లో పోశాను.

ఉప్పు చిటపటమంది. ఆ తర్వాత పొగ. మిరప పొగ ఎలా ఉంటుందో మీకు తెలుసు, మా ఊరి వాళ్ళం మేమే తట్టుకోలేం. ఇన్‌స్పెక్టరు గారు లేచి నిలబడ్డారు, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, కళ్ళు కనిపించక బల్లకు కొట్టుకున్నారు. ఇద్దరు పట్టుకుని వసారాలోకి తెచ్చి నీళ్ళు తాగించారు. పిల్లలంతా గోలగా బయటపడ్డారు. నేను మూకుడు పట్టుకుని వెనక వాకిలి గుండా పరుగెత్తి కాలువలో పారేశాను. రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. ధూపం బయట పెడుతోంది పాపం అనుకున్నారు చూసినవాళ్ళు.

ఆయన ఊపిరి కూడదీసుకుంటుండగా, వెంట వచ్చిన బంట్రోతు గడప సందులోంచి నాలుగు మిరపగింజలు గిల్లి తీసి చూపించి, ఇలాంటివే నిప్పుల్లో పడ్డట్టున్నాయన్నాడు. ఒక మూల నేల మీద సుద్దగీత కూడా చెరిగిపోకుండా ఉంది.

"ఇది బడా, మిరపకాయల కొట్టా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. గొంతు పూర్తిగా పోయింది ఆయనకు. "ఎవరు పోయించారు ఇక్కడ కాయలు?"

హెడ్మాస్టరు గారికి అసలేమీ తెలియదు. దారిలో చెప్పేవాళ్ళు లేరు. లెక్కల మాస్టారు రుమాలు మొహానికి పెట్టుకుని నేల చూశాడు.

"నేనే తాళం తీశానండి" అంది అక్క.

"ఎవరు చెబితే?"

దానికి నాలుగు అడుగుల దూరంలో, ప్రహరీ అవతల, నాన్న నిలబడి ఉన్నాడు. అక్క ఆ వైపు చూడలేదు. "ఎవరూ చెప్పలేదండి" అంది.

జీపు వెళ్ళిపోయింది. మళ్ళీ ఏడు చూద్దామని రాసి వెళ్ళారని సాయంత్రానికి తెలిసింది. హెడ్మాస్టరు గారు అక్కను ఒక్క మాట అనలేదు. "గుత్తి నీకిచ్చింది నేనే కదమ్మా" అన్నారు. అంటే అది ఇంకా కుంగిపోయింది.

ఆ సాయంత్రం దొడ్లో కూర్చోబెట్టి నా చేతులకు వెన్న రాసింది. రాస్తూ రాస్తూ, తలెత్తకుండా అడిగింది.

"ధూపంలో ఏం వేశావే?"

"ఏమీ వెయ్యలేదు."

అది ఇంకోసారి అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. తెలియదు.

అక్కడితో ఊరుకునే మనిషి కాదు మా అక్క. మర్నాడే చక్కటి అక్షరాలతో ఒక అర్జీ రాసింది. వాన వచ్చి పంట పోతుంటే ఊరంతా అడిగితేనే బడి తలుపు తీశామనీ, దయచేసి ఈ ఏడే ఇంకోసారి వచ్చి చూడమనీ. దాని మీద ఊరి పెద్దల సంతకాలు కావాలి. నేను చేతులకు గుడ్డలు చుట్టుకుని దాని వెంటే తిరిగాను. ముందు పెద్దరైతు గారింటికి వెళ్ళాం. అందరికంటే పెద్ద కుప్ప ఆయనదే.

"సర్కారు బడిలో కాయలు పోశామని మా అంతట మేమే రాసివ్వాలా? రేపు మా మీదికే వస్తే?" అన్నాడాయన.

"మీరు అడిగారనే కదా పెదనాన్నా నేను తీసింది."

"తీశావమ్మా, కాదన్నానా? నీ పేరు చెప్పుకుని మా ఆడవాళ్ళు దీపం పెడుతున్నారు. సంతకం మాత్రం అడక్కు." అని లోపలికి కేకేశాడు. "ఏమే, అమ్మాయికి కొరివికారం పెట్టి పంపించు."

ప్రతి ఇంట్లోనూ ఇదే. మంచినీళ్ళిచ్చారు, మజ్జిగిచ్చారు, తల నిమిరారు. కలం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. "మా వాడు ఎలాగూ టౌనుకే పోతాడు, నీకెందుకమ్మా ఇంకా చదువు?" అన్నారు ఒకరు. ఎండలో తిరిగి తిరిగి ఇంటికి వచ్చేసరికి ఆ కాగితం మీద ఉన్నది ఒకే ఒక్క వేలిముద్ర, ఆ ముసలామెది.

నాన్న వసారాలో కూర్చుని తాడు పేనుతున్నాడు. అక్క కాగితం ఆయన ముందు పెట్టింది.

"అందరూ వద్దన్న తర్వాత నేనొక్కణ్ణీ పెడితే ఊళ్ళో ఎట్లా బతకనమ్మా?" అన్నాడు.

"మీరు అడిగారు నాన్నా. అందరికంటే ముందు మీరే అడిగారు."

నాన్న కళ్ళనుంచి నీళ్ళు కారాయి. తాడు పేనడం మాత్రం ఆపలేదు. ఆ అర్జీ పోస్టులో పడలేదు.

ఆఖరి రోజు వరకు అక్క ప్రార్థన చెప్పించింది, బెండమొక్కలకు నీళ్ళు పోయించింది. ఆ తర్వాత తాలుకాయలు ఏరే వరసలో వచ్చి కూర్చుంది. రెండేళ్ళకు మా ఊరికి ఆరో ఫారం వచ్చింది. అప్పటికి అక్కకు ఒంగోలు అవతల పత్తి పండే ఊళ్ళో పెళ్ళై, ఒళ్ళో బిడ్డ. నన్ను చదవమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. నేను ఆ హాల్లో కూర్చోలేకపోయాను. కూర్చుంటే చేతులు మండేవి. రెండో ఫారంలో మానేశాను. బుర్రలేదనుకున్నారు, అనుకోనిచ్చాను.

పోయిన ఏడు అక్కను చూడటానికి వెళ్ళాను. ఇద్దరం ముసలివాళ్ళమే ఇప్పుడు. వాళ్ళ అరుగు మీద కూర్చుని కందికాయలు ఒలుస్తున్నాం. ఇన్నేళ్ళ మూట ఆ పూట విప్పాను. అంతా చెప్పాను.

"తెలుసులే. వేసింది నువ్వని ఆ రోజే తెలుసు" అంది.

"మరి ఎవరికీ చెప్పలేదేం అక్కా? నిప్పుల్లో పిల్ల వేసిందంటే నీ తప్పు సగం తగ్గేది కదా."

"తొమ్మిదేళ్ళ దానివి. ఊరంతా జీవితాంతం నిన్ను ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు."

నాకు ఏడుపు ఆగలేదు. కాసేపయ్యాక, ఎందుకడిగానో, "మళ్ళీ ఆ రోజే వస్తే తాళం తీస్తావా?" అన్నాను. తీస్తానంటుందని నా నమ్మకం. ఊరి కోసం ఎంత చేసిన మనిషి. ఆ మాట విని గుండె బరువు దించుకుందామని ఉంది నాకు.

అక్క చేతిలో కాయ పూర్తిగా ఒలిచి, గింజలు చేటలో వేసింది.

"తియ్యను" అంది. "నాన్న కాయలు తడిసినా తియ్యను. ఆ ముసలామె తట్ట దించినా తియ్యను. తలుపుకు వీపు ఆనించి నిలబడతాను."

గొంతు పెంచలేదు, కోపం లేదు. ఇంకో కాయ తీసుకుని ఒలవసాగింది. నేను దాని పక్కనే కూర్చుని ఒలిచాను.

ఇక లేవండమ్మా, పొద్దు వాలుతోంది. మీ గాదెలు నిండుగా ఉండాలి, మీ గడపలు పచ్చగా ఉండాలి. మీ ఆడపిల్లను ఊరు సాయం అడిగిన నాడు, ఆ ఊరే దాని వెనక కూడా నిలబడాలి. మీ ఇంట్లో పిల్లలు చదువుకోవాలనుకున్నంతా చదువుకోవాలి. చల్లగా ఉండండి.